మూలగని నొప్పి

ఎద్దు నెమరు వేయడం మానిందంటే రైతు ఆ పూట దాని మెడమీద కాడి వేయడు. ముక్కుమీది చెమ్మ ఆరిపోయిందేమో, చెవులు వేలాడవేసిందేమో, కుడితి తొట్టి దగ్గరకు రావడానికి వెనుకాడుతున్నదేమో కొట్టంలోకి వెళ్లి చూసుకుంటాడు. ఆ చూపులో జాలి ఎంత ఉన్నదో అవసరమూ అంతే ఉన్నది. ఎద్దు కూలబడితే సేద్యం ఆగిపోతుంది. మన దేశంలో పశువైద్యం ఇటువంటి చూపులోనుంచే పుట్టింది. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుడు, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడు ఆద్యులని సంప్రదాయం చెబుతుంది. వారి పేరిట నిలిచిన శాస్త్రాలను రాజులు పోషించారంటే ఆశ్చర్యం లేదు; కుంటుతున్న గుర్రమెక్కి యుద్ధానికి పోయే వాడెవడు?

నగరంలో నాలుగో అంతస్తులో పెరిగే లాబ్రడార్ కుక్కకు గాని, వంటింటి కిటికీలో కూర్చునే పిల్లికి గాని ఆ భాగ్యం లేదు. అవి ఏ పనీ చేయవు గనుక వాటి నొప్పివల్ల ఏ పనీ ఆగదు. కుక్క నడక మందగిస్తే బద్ధకం పెరిగిందంటారు. పిల్లి ఎగరడం మానితే వయసు మళ్లిందంటారు. ఎత్తుకోబోయినప్పుడు గుర్రుమంటే పొగరెక్కిందని ఒక దెబ్బ వేస్తారు. ఈ మూడు మాటలలో ఏదో ఒకటి వినబడని ఇల్లు, పెంపుడు జంతువులున్న ఇళ్లలో అరుదు. వాటి చాటున చికిత్సకు లొంగే నొప్పి ఒకటి ఉండవచ్చునన్న ఊహ మాత్రం చాలా ఆలస్యంగా, ఒక్కొక్కప్పుడు మరీ ఆలస్యంగా కలుగుతుంది.

జంతువులు నొప్పిని దాచుకుంటాయన్నది తరచు వినిపించే మాట. అందుకు కారణం కూడా చెబుతారు. మందలో కుంటే జింకనే చిరుత ముందుగా ఎంచుకుంటుంది. కనుక బలహీనతను బయటపెట్టని జీవికే బతికే అవకాశం ఎక్కువ. పిల్లి సంగతి మరీ విచిత్రం. అది వేటాడే జంతువు, వేటాడబడే జంతువు కూడా. పైగా దాని పూర్వీకులు ఒంటరిగా తిరిగినవి. బాధతో అరిస్తే ఆదుకోవడానికి తోటి పిల్లి రాదు, శత్రువు మాత్రం వస్తుంది. ఈ వివరణలో సత్యం లేకపోలేదు గాని అది సగం సత్యమే. "దాచుకుంటాయి" అనడంలో మనుషులకు ఒక సౌకర్యం ఉన్నది, లోపాన్ని జంతువు మీదికి నెట్టివేయవచ్చు. నిజానికి దాని ఒళ్లు చెబుతూనే ఉంటుంది. మనం చెవితో వినాలని చూస్తాం. అది కంటికి మాత్రమే అందే మాట.

జంతువు యంత్రం వంటిదనీ, దాని అరుపు గడియారపు చప్పుడు కంటె వేరు కాదనీ పదిహేడో శతాబ్దిలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌ను అనుసరించినవారు వాదించారు. 1872లో చార్లెస్ డార్విన్ మనుషులు, జంతువులు తమ భావాలను వ్యక్తపరిచే తీరుపై ఒక పెద్ద గ్రంథమే రాసి, భయానికీ బాధకూ కోపానికీ ముఖంలోనూ ఒంటిలోనూ కలిగే మార్పులు జాతులన్నిటా చుట్టరికం గలవని చూపించాడు. అయినా వైద్యశాస్త్రం నొప్పి విషయంలో చాలాకాలం నోటి మాటనే సాక్ష్యంగా పట్టుకుని కూర్చున్నది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో ప్రకటించిన నిర్వచనాన్ని 2020లో సవరించి, మాటలలో చెప్పడమన్నది నొప్పిని వ్యక్తం చేసే అనేక మార్గాలలో ఒకటి మాత్రమేననీ, చెప్పలేనంత మాత్రాన మనిషికైనా జంతువుకైనా నొప్పి లేదనరాదనీ స్పష్టంగా చేర్చింది. పశువుల కాపరికి ఎన్నడో తెలిసిన సంగతి శాస్త్రజ్ఞుల తీర్మానంలోకి ఎక్కడానికి ఇంతకాలం పట్టింది.

పిల్లి ముఖంలో ఐదు గుర్తులు

2010లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం చిట్టెలుకల ముఖాలను ఫోటోలు తీసి, నొప్పి కలిగినప్పుడు కళ్లు, ముక్కు, చెక్కిళ్లు, చెవులు, మీసాలు ఎలా మారుతున్నాయో కొలిచే పద్ధతిని ప్రకటించింది. అదే మాంట్రియల్ నగరంలో మరొక విశ్వవిద్యాలయానికి చెందిన పాలో స్టీగల్ బృందం 2019లో పిల్లులకు అటువంటి కొలమానాన్ని తయారుచేసింది. చూడవలసినవి ఐదు. సుఖంగా ఉన్న పిల్లి చెవులు ముందుకు తిరిగి నిటారుగా ఉంటాయి. నొప్పిలో అవి ఎడంగా జరిగి, పక్కలకు తిరిగి చదునవుతాయి. కళ్లు సగం మూసుకుంటాయి. గుండ్రని మూతి బిగిసి కోలగా కనిపిస్తుంది. వదులుగా వంగి ఉండవలసిన మీసాలు తీగల వలె నిగిడి ముందుకు వస్తాయి. తల భుజాల ఎత్తుకు గాని, ఇంకా కిందికి గాని దిగుతుంది. ఒక్కొక్కదానికి సున్న నుంచి రెండు వరకు మార్కులు వేయాలి. మొత్తం పదింటిలో నాలుగు గాని అంతకు మించి గాని వస్తే నొప్పి తగ్గించే మందు అవసరమని వైద్యుడు ఆలోచించాలి.

ఈ పద్ధతిని నిద్రపోతున్న పిల్లిమీదా, తింటున్న పిల్లిమీదా, ఒళ్లు నాక్కుంటున్న పిల్లిమీదా ప్రయోగించరాదు. కొంచెంసేపు కదిలించకుండా, మెలకువగా ఉన్నప్పుడు చూడాలి. శస్త్రచికిత్స, గాయం, హఠాత్తుగా వచ్చిన జబ్బు వంటి వాటికి ఇది బాగా పనికివస్తుంది.

నెలల తరబడి, సంవత్సరాల తరబడి సాగే నొప్పికి ముఖం ఒక్కటే చాలదు. 2002లో అమెరికాలో పన్నెండేళ్లు దాటిన నూరు పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలిస్తే తొంభైటిలో కీళ్ల అరుగుదల కనిపించింది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించిన ప్రతి పిల్లీ నొప్పితో ఉన్నదని చెప్పలేము. కాని ముసలి పిల్లులలో ఇది ఇంత సామాన్యమైతే, పిల్లి కుంటుతున్నదని వైద్యుని దగ్గరకు తెచ్చేవారు ఎందుకంత తక్కువ? పిల్లి సాధారణంగా కుంటదు. రెండు పక్కలా కీళ్లు అరిగితే ఏ కాలు ఎత్తి నడుస్తుంది? కుంటడానికి మారుగా అది చేసే పనులు తగ్గించుకుంటుంది. పిట్టగోడ మీదికి ఒక్క దూకులో ఎక్కేది, ముందు పూలకుండీ, తరువాత గోడ అని రెండు దూకులు చేస్తుంది. దిగేటప్పుడు ముందరి కాళ్లను గోడకు ఆనించి వీలైనంత కిందికి జారి, అప్పుడు దూకుతుంది. అటక ఎక్కడం మాని బియ్యం బస్తా పక్కన పడుకోవడం మొదలుపెడుతుంది. నడుము వెనక్కి తిప్పలేక వీపు చివర, తోక మొదట నాకడం మానడంతో అక్కడ బొచ్చు అట్టలు కడుతుంది. గోళ్లు గీరుకోవడం తగ్గి అవి పెరిగి వంకరపోతాయి. ఇసుక తొట్టె అలవాటున్న పిల్లి తొట్టె అంచు ఎత్తుగా ఉన్నదని పక్కనే నేలమీద పని కానిస్తుంది. ఈ చివరిదానికి మాత్రమే ఇంటివారు స్పందిస్తారు, అదీ చీపురుకట్టతో.

గురగురమంటున్నది గనుక హాయిగానే ఉన్నదనుకోవడం ఇంకొక పొరపాటు. పిల్లి సంతోషంలో గురగురమంటుంది. గాయపడి వైద్యుని బల్లమీద పడుకున్నప్పుడు, ప్రసవవేదనలో కూడా గురగురమంటుంది. ఆ ధ్వని ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ నిర్ణయించరాదు.

ఒక్క లక్షణం విషయంలో మాత్రం ఆలోచిస్తూ కూర్చోవడానికి వ్యవధి ఉండదు. మగపిల్లి పదేపదే మూత్రానికి కూర్చుని, ముక్కి, చుక్కలుగా గాని అసలే రాకుండా గాని లేచిపోతుంటే అది మలబద్ధకమని ఇంటివారు తరచు పొరబడతారు. మూత్రనాళం పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజులలో ప్రాణం పోతుంది. అర్ధరాత్రి అయినా సరే వైద్యుని తలుపు తట్టవలసిన సందర్భమిది.

తోక ఊపే రోగి

కుక్క మనిషితో వేల ఏళ్లు కలిసి బతికిన జంతువు. అది తన బాధను మరింత బాహాటంగా చెబుతుందని అనుకోవడం సహజం. కాలు తొక్కితే కుయ్యిమంటుంది, నిజమే. మెల్లమెల్లగా ముదిరిన నొప్పికి మాత్రం కుక్క కూడా అరవదు. యజమాని గడపలో అడుగుపెట్టగానే తుంటి కీళ్లు అరిగిన కుక్క లేచి వస్తుంది, తోక ఊపుతుంది, బంతి విసిరితే పరుగెత్తుతుంది కూడా. ఆ రాత్రి అది పడుకోలేక చోట్లు మారడం ఎవరూ చూడరు. పొద్దున లేచేటప్పుడు ముందరి కాళ్లమీద బరువు వేసి, నడుమును ఈడ్చుకుంటూ లేవడం, మేడమెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి చూడటం, కూర్చున్నప్పుడు ఒక వెనుక కాలిని పక్కకు చాపి ఉంచడం, చల్లని వేళ కూడా వగర్చడం, ఒకే కీలును గంటల తరబడి నాకడం - ఇవీ అది చెప్పే మాటలు. నిద్ర లేకుండా, ఎదుట భోజనం లేకుండా, మాటిమాటికి ఆవలించడం, పెదవులు నాక్కోవడం కూడా ఒంటిలోనో మనసులోనో ఏదో ఇబ్బంది ఉన్నదనడానికి గుర్తు కావచ్చు.

మన నగరాల ఇళ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. మట్టినేలలు, నాపరాళ్లు పోయి నున్నని టైల్సు, పాలరాయి, గ్రానైటు వచ్చాయి. ఇంటివారికి శుభ్రం, కుక్కకు జారుడుబల్ల. అరిగిన కీళ్లతో ఆ నేలమీద నడవడం దానికి భయం. హాలు మధ్యలోకి రాకుండా గోడవారగా, చాప ఉన్నమేరకే తిరిగే కుక్కను చూసి ముభావం అబ్బిందనుకుంటారు.

"అన్నం తింటున్నది కదా!" అన్నది అన్ని అనుమానాలనూ తుడిచిపెట్టే వాదన. దంతం విరిగి చిగురు చీము పట్టిన కుక్క కూడా తింటుంది. ఆకలి నొప్పి కంటె బలమైనది. మార్పు తినడంలో కాక తినే తీరులో ఉంటుంది. ఒకవైపు దవడతోనే నములుతుంది, ముద్దను నోట పట్టి కిందపడేసి మళ్లీ తీసుకుంటుంది, పెరుగన్నం నాకి గట్టి రొట్టె వదిలేస్తుంది. రుచులు మరిగిందని ఇల్లాలు విసుక్కుంటుంది. ఒకసారి పెదవి ఎత్తి చూస్తే గార పట్టిన పళ్లు, ఎర్రబడిన చిగుళ్లు కనిపించవచ్చు.

వానకాలంలో చెవి పోటు సామాన్యం. తలమీద చెయ్యి వేస్తే పక్కకు తప్పుకునే కుక్క ప్రేమ తగ్గినది కాదు; వేలాడే చెవిని ఎత్తి వాసన చూస్తే తెలుస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలలో కీళ్లనొప్పి, నీరసం, చిగుళ్లు పాలిపోవడం ఉంటాయి. మొదటి వారంలో అది ఉత్త మందకొడితనం వలెనే కనిపిస్తుంది.

దీపావళి నాటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చిన్నప్పటినుంచి టపాకాయలకు భయపడే కుక్కలున్నాయి. వాటి కథ వేరు. ఏడెనిమిదేళ్లు చలించకుండా ఉండి, ఒక సంవత్సరం హఠాత్తుగా మంచం కిందికి దూరిపోయే కుక్క విషయంలో మరొక ప్రశ్న వేసుకోవాలి. బ్రెజిల్, ఇంగ్లండు పరిశోధకులు 2018లో ప్రకటించిన ఒక పరిశీలనలో చప్పుళ్లకు బెదిరే ఇరవై కుక్కలను తీసుకున్నారు. వాటిలో పదింటికి కండరాల, కీళ్ల నొప్పి ఉన్నది, పదింటికి లేదు. నొప్పి ఉన్న కుక్కలలో బెదురు సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైంది. చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది. బిగిసిన కండరం వాచిన కీలును లాగుతుంది. ఆ పోటును కుక్క చప్పుడుకు ముడివేసుకుంటుందని వారి ఊహ. ఇరవై కుక్కలు చిన్న సంఖ్యే, కాని ఊహలో తర్కం ఉన్నది.

ఇంతకంటె గంభీరమైనది కరిచే కుక్క సమస్య. పిల్లవాడు మెడ కౌగిలించుకున్నాడు, కుక్క పళ్లు చూపించింది. మరునాడు దాన్ని కారులో ఎక్కించి ఊరి బయట వదిలివస్తారు. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డానియల్ మిల్స్ తదితరులు 2020లో ప్రకటించిన వ్యాసంలో, ప్రవర్తన చెడిందని నిపుణుల వద్దకు పంపబడిన కుక్కలు, పిల్లులలో తక్కువలో తక్కువ మూడింట ఒక వంతుకు ఏదో ఒక నొప్పి కలిగించే జబ్బు ఉన్నదనీ, కొందరి అనుభవంలో ఆ లెక్క నూటికి ఎనభై దాకా పోతుందనీ రాశారు. అంటే శిక్ష పడినవాటిలో ఎన్నో రోగులన్నమాట. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితంగా 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం, జంతువును పోషించేవారు దానికి అనవసరమైన నొప్పి కలగకుండా చూడటం విధి అంటున్నది. ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం అదే చట్టం కింద నేరం.

వైద్యుని గదిలో

ఇంటిదగ్గర కుంటిన కుక్క ఆస్పత్రి వరండాలో తిన్నగా నడవడం ప్రతి పశువైద్యునికీ అనుభవమే. కొత్త చోటు, కొత్త వాసనలు, పక్కనే అరిచే మరో కుక్క. ఆ ఉద్రేకంలో నొప్పి కొంతసేపు అణగిపోతుంది. పిల్లి అయితే బుట్టలోంచి బయటికే రాదు. కనుక రోగిని చూసిన పది నిమిషాలలో వైద్యునికి దొరకని సమాచారం ఇంటివారి దగ్గరే ఉంటుంది. చేతిలో మొబైల్ ఫోను ఉన్న కాలమిది. పొద్దున లేచే తీరు, మెట్లెక్కే తీరు, గట్టుమీదికి ఎగిరే తీరు అర నిమిషం చొప్పున చిత్రించి తీసుకుపోతే, "ఈమధ్య హుషారు తగ్గిందండీ" అన్న మాట కంటె నూరు రెట్లు ఉపయోగం. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో గడియారం పట్టి లెక్కించవచ్చు. హాయిగా నిద్రించే కుక్కకైనా పిల్లికైనా అది సాధారణంగా ముప్ఫైకి లోపు ఉంటుంది. రోజూ దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించుకోవాలి.

అన్నిటికంటె విలువైనది ఒక పాత నోటుపుస్తకంలో రాసుకునే చిన్న పట్టిక. కొత్తగా ఏం చేస్తున్నదన్నది అందరి కంటా పడుతుంది. అది ఏ పనులు చేయడం మానిందన్నదే పడదు. వాకిట్లో పేపరు పడిన చప్పుడుకు లేచేది, ఇప్పుడు లేవడం లేదు. సోఫా ఎక్కేది, ఎక్కడం లేదు. ఇలాంటివి తేదీలతో రాస్తే, మూడు నెలలలో ఒక జీవితం ఎంతగా కుంచించుకుపోయిందో కాగితం మీద కనిపిస్తుంది. మార్పులన్నీ నొప్పి వల్లనే కాకపోవచ్చు. ఎండాకాలంలో ఆకలి తగ్గుతుంది, ఇంట్లోకి పసిబిడ్డ వస్తే కుక్క చిన్నబోతుంది, చూపు మందగిస్తే మెట్ల దగ్గర తడబడుతుంది. వీటిని వేరుచేయడం వైద్యుని పని. కుందేళ్లు, పంజరపు పక్షులు పెంచేవారు ఇంకా త్వరపడాలి. కుందేలు పూట మేత మానితేనే ప్రమాదం. లవ్‌బర్డ్ ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నదంటే జబ్బు అప్పటికే ముదిరినట్టు.

నొప్పి ఉన్నదని తెలియగానే మన ఇళ్లలో చేయి మందుల డబ్బా మీదికి పోతుంది. ఇది అన్నిటికంటె పెద్ద ప్రమాదం. మనిషికి జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తకణాలు చెడి, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, ఊపిరాడక చనిపోతుంది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను చెడగొడతాయి. డైక్లోఫెనాక్ పేరు పక్షిశాస్త్రజ్ఞులకూ బాగా తెలుసు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలను తిని దక్షిణాసియాలో రాబందులు కుప్పలుగా చనిపోగా, పశువులకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. పశువు నొప్పి తగ్గించాలన్న సదుద్దేశం మరొక జాతి మీద పడింది. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది పశువైద్యుడే చెప్పాలి.

పరీక్షలలో ఏదీ తేలనప్పుడు కొందరు వైద్యులు మరో మార్గం పడతారు. తగిన నొప్పి మందును కొద్ది రోజులు, అవసరమైతే కొన్ని వారాలు, ఇచ్చి చూస్తారు. కుక్కలు, పిల్లులు మనకు తెలియకుండా ఎంత భరిస్తాయో చాలామంది యజమానులకు అర్థమయ్యేది అప్పుడే. మానిన పనులు ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. ముసలితనమనుకున్నది కొంత కరిగిపోతుంది. నోటుపుస్తకంలో కొట్టివేతలు పడతాయి. అన్నీ తిరిగి రావు. పన్నెండేళ్ల పిల్లి మళ్లీ అటక ఎక్కకపోవచ్చు. కుక్కకు తిరిగే దారి పొడుగునా చాపలు పరచాలి, గిన్నెను కొంచెం ఎత్తులో పెట్టాలి, ఒళ్లు పెరిగి ఉంటే తగ్గించాలి, ఎందుకంటే ప్రతి కిలో బరువూ కీలుమీదే పడుతుంది. పిల్లికైతే కిటికీ గట్టు కింద ఒక పీట వేస్తే సరిపోతుంది.